ఆడపిల్ల సొమ్ము

బాలత్రిపురసుందరి అని నోరారా పిలవడానికి దుబాయ్‌లో ఎవరికీ తీరిక లేదు. డేరా అనే పేటలోని ఆఫీసులో ఆమె మిసెస్ బాలా. వ్యాన్ నడిపే హబీబుల్లాకి బెహన్‌జీ. ఇంట్లో మొగుడు మురళీకి సుందరి. అక్షరం పొల్లుపోకుండా పూర్తి పేరు రాసేది ఒక్క బ్యాంకువాళ్ళే. జీతం పడీ పడకముందే 'డియర్ బాలత్రిపురసుందరి' అంటూ సెల్లుకి మెసేజ్ పంపిస్తారు, ఈ నెల వాయిదా కోసుకున్నామని. పుట్టింటివాళ్ళు కూడా నన్నింత ముద్దుగా పిలవలేదండీ అని ఆమె మొదట్లో మురళీతో అని నవ్వేది. అప్పటికింకా నవ్వడానికి ఓపిక ఉండేది.

పెళ్ళయి కాకినాడ నుంచి వచ్చి పాతికేళ్ళు. కారు విడిభాగాలు ఆఫ్రికా దేశాలకి పంపే కంపెనీలో ఇరవై ఏళ్ళుగా ఒకటే పని, ఓడెక్కే సరుక్కి కాగితాలు తయారుచేయడం. జీతమిచ్చే ఆఫీసు దుబాయ్‌లో, అద్దె గిట్టుబాటయ్యే ఇల్లు అజ్మాన్‌లో, మధ్యలో షార్జా ట్రాఫిక్. తెల్లారకముందే హబీబుల్లా వచ్చి కింద హారన్ కొడతాడు. నెలకింత అని పుచ్చుకుని పదిమంది ఉద్యోగస్తుల్ని పొద్దున ఆఫీసుల దగ్గర దింపి, సాయంత్రం మళ్ళీ ఏరుకొచ్చే బండి అతనిది. కార్‌లిఫ్ట్ అంటారు దాన్ని. అందరికంటే ఆఖర్న ఎక్కుతుంది కాబట్టి సుందరికి మిగిలేది ఎప్పుడూ మధ్య సీటే. అటొకరు ఇటొకరు కిటికీ అద్దాలకి తలలానించి గుర్రుపెడుతుంటే, ఆమె ఒళ్ళో టిఫిన్ డబ్బా పట్టుకుని ఎదుటి బండి వెనక లైట్లు చూస్తూ కూర్చుంటుంది.

సుందరికి కావలసింది ఒక్కటే. ఈ ఉద్యోగం మానేయాలి. మానేసి ఏం చేస్తుందంటారా? ఏమీ చేయదు. పొద్దున లేచి కాఫీ పెట్టుకుని, అది చల్లారకముందే తాగుతుంది. అంతకుమించి ఆమె ఊహ సాగేది కాదు. యాభై దాటిన నడుము, కుర్చీలో పొద్దుగూకులూ కూర్చున్న మోకాళ్ళు, రోజుకి నాలుగేసి గంటలు రోడ్డుపాలు. డాక్టరుకి చూపించుకుంటే అన్నీ బాగానే ఉన్నాయన్నాడు. బాగానే ఉన్నాయంటే ఆమెకి సంతోషం కలగలేదు, ఏదో ఒక వంక పోయిందనిపించింది. అలా అనిపించినందుకు చెంపలు వేసుకుంది.

దానికి తోడు 2025 చివర్లో ఆఫీసు ముదీర్, అంటే మేనేజరు, అందర్నీ పిలిచి ఓ కబురు చల్లగా చెప్పాడు. జనవరి నుంచి ఆఫీసు జెబెల్ అలీలో గోడౌన్ పక్కకి మారుతోందట. అజ్మాన్ నుంచి జెబెల్ అలీ అంటే దుబాయ్ మొదలు దగ్గర ప్రవేశించి, మొత్తం ఊరు దాటుకుని, చివర్న తేలాలి. హబీబుల్లా బండి అటు వెళ్ళదు. అదే మాట అతన్ని అడిగితే స్టీరింగ్ మీంచి రెండు చేతులూ తీసి ఆకాశం వైపు చూపించాడు. సుందరి ఆ రోజే తీర్మానించుకుంది, జనవరిలోపు మానేయాలి, ఏం చేసైనా సరే.

మానేయడానికి అడ్డమల్లా లోను.

కరోనా ఏడాది, కంట్రాక్టింగ్ కంపెనీలో స్టోర్స్ మేనేజరుగా ఉన్న మురళీని జులైలో ఇంటికి పంపించేశారు. చేతికొచ్చిన సెటిల్‌మెంట్ క్రెడిట్ కార్డులకీ, ఇంటి అద్దెకీ మంచులా కరిగిపోయింది. సరిగ్గా అదే నెలలో తన్మయి పన్నెండో క్లాసు రిజల్ట్ వచ్చింది. ఒక్కగానొక్క కూతురు, ఫిజియోథెరపీ చదువుతానంది. విజయవాడలో అయితే తక్కువలో తేలేది. కానీ విమానాలు లేవు, ఆసుపత్రుల్లో మంచాలు లేవు, ఎవరి ఇంట్లో చూసినా చావు కబురే. అలాంటప్పుడు పిల్లని హాస్టల్లో ఎలా వదులుతామని మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకళ్ళనొకళ్ళు భయపెట్టుకుని, ఇంటి నుంచి బస్సులో వెళ్ళొచ్చే యూనివర్సిటీలో చేర్పించారు. ఫీజు విన్నప్పుడు మురళీ మంచినీళ్ళు అడిగాడు.

ఇండియా బ్యాంకులు చదువుకి లోనిస్తాం, ఆస్తి కాగితాలు పెట్టమన్నాయి. పెట్టడానికి ఆస్తుండాలిగా. ఇక్కడి బ్యాంకులకి పిల్ల మార్కులతో పని లేదు, వాళ్ళు చూసేది జీతం సర్టిఫికెట్టు. ఇంట్లో జీతం సర్టిఫికెట్టు ఉన్నది సుందరికొక్కదానికే. కార్డు బాకీలు ఆలస్యమై మురళీ పేరు ఏ బ్యాంకు కంప్యూటర్లో కొట్టినా ఎర్రగా వచ్చేది. అలా అప్పు ఆమె పేరు మీద పుట్టింది. నాలుగేళ్ళలో తీర్చాలి. మూడో ఏడాది ఫీజుకి మళ్ళీ బ్యాంకు మెట్లెక్కితే, ఉన్న లోను మీదే ఇంకొంత పోసి, గడువు మళ్ళీ మొదటి నుంచి నాలుగేళ్ళు లెక్క కట్టారు. టాప్ అప్ అంటారు దాన్ని. ఇంటర్న్‌షిప్పుకీ, లైసెన్సు పరీక్షలకీ ఇంకో టాప్ అప్. ఎన్ని నెలలు కట్టినా సుందరి ఎప్పుడూ మొదటి మెట్టు మీదే నిలబడి ఉండేది.

ఇదేదీ తన్మయికి తెలియదు. అది మురళీ పెట్టిన షరతు. "చదువుకునే పిల్ల నెత్తిన అప్పు కబురు పెట్టకూడదు సుందరీ. నాన్న సెటిల్‌మెంట్ డబ్బు బ్యాంకులో వేశాం, దాంతోనే నీ ఫీజులు కడుతున్నాం అని చెబుదాం" అన్నాడు. ఆ రోజుల్లో అతను గడ్డం కూడా గీసుకునేవాడు కాదు. లుంగీతో కిటికీ దగ్గర నిలబడి ఖాళీ రోడ్డు చూస్తుండేవాడు. అతనికి మిగిలిన పరువల్లా ఆ అబద్ధమొక్కటే. దాన్నీ లాక్కోబుద్ధి కాక సుందరి సరేనంది. తర్వాత అతను ఫ్లాట్లు అమ్మిపెట్టే కంపెనీలో చేరాడు. అక్కడ జీతం లేదు, ఫ్లాటు అమ్ముడైతే కమీషన్. ఒక నెల వచ్చేది, మూడు నెలలు వచ్చేది కాదు. మంచివాడు, ఇంటి వంటంతా తనే చేసేవాడు. మంచివాడు కాబట్టే అతని మీద కోపం తెచ్చుకోవడానికి కూడా సుందరికి వీలు చిక్కేది కాదు.

కాన్వొకేషన్ రోజున తన్మయి నల్లగౌను ఫొటోలు ఫ్యామిలీ గ్రూపులో పెట్టి, కింద 'అంతా మా నాన్న కష్టం' అని రాసింది. కాకినాడ, రాజమండ్రి, హైదరాబాదుల్లో ఉన్న చుట్టాలందరూ మురళీకి దండాలు పెట్టారు. సుందరి కూడా చప్పట్లు కొట్టే బొమ్మ ఒకటి పెట్టింది. పెట్టి, ఫోను బోర్లా పడేసి, బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చింది. బయటికి వచ్చాక కళ్ళెందుకలా ఉన్నాయని మురళీ అడిగితే షాంపూ పడిందంది.

ఆ తర్వాత ఏడాది తన్మయికి దుబాయ్‌లో ఒక క్లినిక్‌లో ఉద్యోగం వచ్చింది. మొదటి జీతం నోట్లుగా డ్రా చేసి, కవర్లో పెట్టి, తెచ్చి తండ్రి చేతికిచ్చింది. మురళీ దాన్ని కళ్ళకద్దుకుని దేవుడి దగ్గర పెట్టాడు. పొద్దున్నే దీపం వెలిగించి, అందులోంచి ఒక చిన్న నోటు తీసి పటం వెనక దాచి, మిగతాదంతా కూతురి చేతిలో తిరిగి పెట్టేశాడు.

"నీ పేరున వేసుకో తల్లీ. ఆడపిల్ల సొమ్ము మనం ముట్టుకోకూడదు."

ఈ మాట ఊరికే ఆచారానికి అన్నది కాదు. మురళీ పెద్దక్క పెద్దాపురంలో టీచరుగా చేసిన పదేళ్ళూ జీతం తెచ్చి తండ్రి చేతిలో పోసింది. ఆ జీతానికి అలవాటుపడి తండ్రి ఆమెకి సంబంధాలు చూడటం మర్చిపోయాడు. కూతురి జీతం తినే ఇల్లని వీధిలో అనుకునేవారు. స్కూలుకెళ్ళే వయసులో మురళీ ఆ మాట చెవులారా విన్నాడు. తన ఇంట్లో అది వినపడకూడదని ఒట్టేసుకున్నాడు.

అతని ఒట్టు అతనిది. సుందరి ప్రాణం మాత్రం ఆ కవరు చుట్టూ తిరిగింది. అందులో ఉన్నది తన వాయిదా కంటే రెండింతలు. పిల్ల డబ్బు చూసి నోరూరడమేమిటని తనని తనే తిట్టుకుంది. తిట్టుకున్నంత మాత్రాన ఆశ చావలేదు. ప్రతి నెలా జీతాల రోజున కూతురి ముఖం కేసి చూసేది. ప్రతి నెలా తన్మయి 'నాన్నా, ఈ నెలదైనా తీసుకోండి' అనేది. మురళీ వద్దని తల ఊపేవాడు. మధ్యలో కూర్చుని సుందరి చిక్కుడుకాయల ఈనెలు తీసేది.

అడుగుదామని ఎన్నిసార్లో నోటిదాకా వచ్చింది. ఒకసారి ఇద్దరూ బట్టలు మడత పెడుతుంటే "తన్మయీ, నీతో ఓ మాట" అని మొదలుపెట్టింది. "ఏంటమ్మా" అని పిల్ల తలెత్తేసరికి ఆ కళ్ళు అచ్చం మురళీ కళ్ళే. "ఏం లేదు, నీ నీలం చుడీదారు రంగు వదులుతోంది, విడిగా ఉతుక్కో" అని ఆ మాట మింగేసింది. జనవరి దగ్గరపడుతోంది. ఆఫీసులో అట్టపెట్టెలు కట్టడం మొదలైంది.

డిసెంబరులో ఒక శుక్రవారం సాయంత్రం తన్మయి ఫోను చేసి ఇద్దర్నీ కిందికి రమ్మంది. పార్కింగులో చిన్న తెల్ల కారు, దాని ముక్కు మీద ఎర్ర రిబ్బను. పక్కన తన్మయి తాళాలు పట్టుకుని నిలబడి ఉంది. ఆ పిల్ల అంత సంతోషంగా ఉండటం సుందరి కాన్వొకేషన్ నాడు కూడా చూడలేదు.

"నీకేనమ్మా. జనవరి నుంచి నిన్ను జెబెల్ అలీలో నేనే దింపుతాను. నా షిఫ్టు మార్పించుకున్నా. ఇంక ఆ వ్యాన్ ఖలాస్. నువ్వు ముందు సీట్లో కూర్చుని హాయిగా పడుకో."

"ఎలా కొన్నావే?" అంది సుందరి.

"నాన్న ముట్టుకోనన్న జీతాలన్నీ డౌన్ పేమెంట్. మిగతాది లోను, అయిదేళ్ళు. నాన్నకి కూడా చెప్పలేదు, సర్‌ప్రైజ్."

మురళీ కారు చుట్టూ తిరిగి చూస్తున్నాడు. టైర్లు నొక్కాడు. అతని ముఖంలో మెరుపు చూసి సుందరికి ఒళ్ళు మండింది. ఇరవై ఏళ్ళుగా లోపలికి దిగమింగినవన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చి, చివరికి చాలా చిన్న మాటగా బయటపడ్డాయి.

"నాకు కారు వద్దమ్మా. నాకు ఉద్యోగమే వద్దు."

తన్మయి నవ్వబోయి ఆగింది. "అయితే మానెయ్యమ్మా. నిన్నెవరు చెయ్యమన్నారు?"

సుందరి మురళీ కేసి చూసింది. మురళీ టైరు కేసి చూశాడు. పక్క ఫ్లాటు మలయాళీ కుటుంబం సరుకుల సంచులతో అటే వస్తుంటే, ముగ్గురూ ముఖాన నవ్వు పులుముకుని వాళ్ళ శుభాకాంక్షలు అందుకుని, లిఫ్టు ఎక్కారు. ఇంట్లోకొచ్చి తలుపేసుకున్నాక సుందరి మొత్తం చెప్పింది. ఏ ఏడాది ఎంత తీసుకున్నారో, ఎన్నిసార్లు గడువు మళ్ళీ మొదలైందో, ఇంకా ఎన్నాళ్ళుందో అంతా, షిప్పింగ్ కాగితాలు చదివినట్టు ఒకే గొంతుతో. మధ్యలో మురళీ ఒకసారి "సుందరీ" అన్నాడు. ఆమె ఆగలేదు.

"మరి నాన్న సెటిల్‌మెంటు?" అంది తన్మయి.

"అది నీ కాలేజీ తెరవకముందే అయిపోయింది తల్లీ" అన్నాడు మురళీ. అయిదేళ్ళ తర్వాత ఆ నిజం అతని నోటి నుంచే వచ్చింది. అన్నాక కుర్చీలో కూలబడ్డాడు.

తన్మయి ఒకసారి తండ్రి కేసి చూసింది. తర్వాత తల్లి వైపు తిరిగింది. అమ్మా, కష్టపడ్డావు అంటుందని, మెడ చుట్టూ చేతులేస్తుందని సుందరి ఎదురుచూసింది. కాదనడమెందుకు, ఎదురుచూసింది.

"నాకెందుకు చెప్పలేదమ్మా? నేనొక సంవత్సరం ఆగేదాన్ని కదా. విమానాలు తెరిచాక విజయవాడ వెళ్ళేదాన్ని. నాకా కాలేజీయే కావాలని నేనెప్పుడన్నా అన్నానా? నాన్న దగ్గర డబ్బుంది కదా అని ఊరుకున్నాను."

నిజమే, ఆ పిల్ల ఏనాడూ అడగలేదు. అడగని చదువు కోసం, చెప్పని అప్పు చేసి, తీరని వాయిదాలు కట్టింది సుందరి. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. కాసేపటికి తన్మయి వచ్చి పక్కన నిలబడి తడి గిన్నెలు తుడవడం మొదలుపెట్టింది.

"రేపు శనివారం. బ్యాంకుకి వెళ్దాం. ఆ లోను నా పేరు మీదకి మార్పిస్తాను. అది నా చదువే కదమ్మా, నేను కాకపోతే ఎవరు కడతారు?"

ఎంత తేలిగ్గా అనేసిందో. అయిదేళ్ళు గుండెల మీద బండలా మోసినదాన్ని ఈ పిల్ల చేతికి గిన్నె అందించినంత సులువుగా అందించి ఉండొచ్చని సుందరికి అప్పుడు తెలిసింది. తెలిసి, ఉపశమనానికి బదులు నీరసం వచ్చింది.

మర్నాడు తల్లీకూతుళ్ళిద్దరూ కొత్త కారులోనే బ్యాంకుకి వెళ్ళారు. మురళీ రాలేదు, వంట చూసుకుంటానన్నాడు. లోన్ల టేబుల్ దగ్గర నాజ్నీన్ అని హైదరాబాద్ టోలీచౌకీ అమ్మాయి ఉంది. ఇదివరకు రెండో టాప్ అప్ చేసిందీ ఆమే. తన్మయి విషయం చెప్పగానే ఆమె చేతులు కీబోర్డు మీంచి తీసేసింది.

"లోన్ ట్రాన్స్‌ఫర్ అనేది ఉండదు ఆంటీ. చదివింది ఈమె, నాకు తెల్సు. కానీ తీసుకున్నది మీరు. మా సిస్టంల ఈమె పేరే లేదు, చదువు అని కూడ లేదు."

"పోనీ నేను కొత్త లోను తీసుకుని అది క్లోజ్ చేస్తాను" అంది తన్మయి.

నాజ్నీన్ ఎమిరేట్స్ ఐడీ అడిగి తీసుకుని, ఏదో కొట్టి చూసి, స్క్రీన్ వాళ్ళ వైపు తిప్పకుండానే తల అడ్డంగా ఊపింది. "మొన్ననే కార్ లోన్ తీస్కున్నరు కదా. జీతంల సగం కంటే ఎక్కువ వాయిదాలకి పోవద్దని రూల్. కార్ ఒక్కటే చాలా తింటుంది. కార్ తీస్కోకముందు వచ్చుంటే అయిపోతుండె."

తన్మయి ముఖం వాడిపోయింది. "కారు అమ్మేస్తాను."

"ఇప్పుడే కొన్నది ఇప్పుడే అమ్మితే నష్టం తప్ప ఏముండదు" అంది నాజ్నీన్. సుందరి కూడా వద్దంది. పిల్ల మొదటిసారి తనకోసం కొన్న వస్తువు. దాన్ని అమ్మించిన పాపం కూడా తన నెత్తికెందుకు.

"నేను ఉద్యోగం మానేస్తే ఏమవుతుందమ్మా?" అని సుందరి అడిగింది. ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న ఆమె ఎవరినీ అడగలేదు. అడిగితే ఎక్కడ కుదరదంటారోనన్న భయంతో అడగలేదు.

నాజ్నీన్ కొంచెం ముందుకు వంగి గొంతు తగ్గించింది. "మీ ఇరవై ఏళ్ళ గ్రాట్యుటీ మీ అకౌంట్ల పడగానే మొత్తం లోన్‌కి పట్టేస్తాం ఆంటీ. చేతికి రూపాయి రాదు. అది పోంగ కొంచెమే మిగుల్తది. అది నెలనెలా కట్టుకోవచ్చు. ఈమె కట్టినా మాకేం అభ్యంతరం లేదు. కానీ ఒక్క నెల తప్పినా ఫోన్ మీకే వస్తది, కేసైనా మీ మీదే అయితది. ఈమెని మేం ఏమీ అడగలేం."

తన్మయి అప్పుడు తల్లి కేసి చూసింది. నమ్ముతావా అని అడిగినట్టు ఉంది ఆ చూపు. సుందరి ఆ పిల్ల చేతి మీద చెయ్యి వేసింది. నమ్మకం సంగతి ఆమె ఆలోచించనే లేదు. కట్టడం ఆగిపోతే తన మీద కేసవుతుందన్న భయం అయిదేళ్ళుగా అలవాటైందే. ఆమె ఆలోచిస్తున్నది వేరే. తలుపొకటి ఉంది. దాని అవతలికి వెళ్ళాలంటే చేతిలో ఉన్నదంతా ఇక్కడే పెట్టి వెళ్ళాలి. అయినా తలుపుంది.

ఇంటికొచ్చేసరికి మురళీ పప్పుచారు, బంగాళాదుంప వేపుడు చేసి కంచాలు పెట్టి కూర్చున్నాడు. తింటూ తింటూ తన్మయే మొత్తం చెప్పింది. మురళీ చెయ్యి కంచంలోనే ఆగింది.

"ఇరవై ఏళ్ళ గ్రాట్యుటీ సుందరీ. అంతా వాళ్ళకి ధారపోసి ఖాళీ చేతులతో ఇంట్లో కూర్చుంటావా? కాకినాడలో చిన్న ఫ్లాటు అనుకున్నాం కదా. ఇంకో మూడేళ్ళు ఓపిక పడితే లోనూ తీరిపోతుంది, ఆ డబ్బూ మిగులుతుంది. కారు కూడా వచ్చింది."

"ఓపిక ఎవరు పట్టాలండీ?" అంది సుందరి.

మురళీ నీళ్ళు తాగాడు. "సరే, అదలా ఉంచు. మిగిలిన వాయిదాలు పిల్ల చేత కట్టిస్తావా? రేపు దానికో సంబంధం చూడాలంటే, తల్లిదండ్రులు ఆడపిల్ల సొమ్ము మీద బతికారని ఒక్క మాట వస్తే చాలు. నా వల్ల కాదు. నా కంఠంలో ప్రాణం ఉండగా ఆడపిల్ల సొమ్ము తినను."

"నాన్నా" అంది తన్మయి.

సుందరి కూతుర్ని కళ్ళతోనే ఆపింది. ఆమె గొంతు పెంచలేదు. ఇంకో గరిటె చారు వెయ్యమన్నట్టే అడిగింది.

"నేనెవరి పిల్లనండీ?"

మురళీకి అర్థం కాలేదు.

"కాకినాడలో మా నాన్నకి నేనూ ఆడపిల్లనే. ఈ చారులో పప్పు, ఈ ఇంటి అద్దె, కరెంటు, పిల్ల ఫీజు, మీ వీసా రెన్యువలు, ఇవన్నీ ఎవరి సొమ్మండీ? అయిదేళ్ళ నుంచి మనం తింటున్నది ఆడపిల్ల సొమ్ము కాదా?"

కింద రోడ్డు మీద గ్యాస్ బండివాడు సిలిండర్ల మీద టంగుటంగుమని కొట్టుకుంటూ పోయాడు. మురళీ కంచం వైపే చూస్తూ కూర్చున్నాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ సుందరికి ఆ రోజు అతన్ని ఓదార్చాలనిపించలేదు. తినడం పూర్తి చేసి, చెయ్యి కడుక్కుని, హాల్లో సోఫాలో వెనక్కి వాలి కూర్చుంది. ఈ మాట అంటే ఇల్లు కూలిపోతుందని ఇన్నాళ్ళూ భయపడింది. గోడలు గోడల్లాగే ఉన్నాయి, ఫ్రిజ్ ఎప్పటిలాగే గుర్రుమంటోంది.

వంటింట్లో మురళీ కంచాలు కడుగుతున్న చప్పుడు వినిపించింది. చాలాసేపు కడిగాడు. తర్వాత చేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ వచ్చి, లాప్‌టాప్ తెరిచి ఆమెకెదురుగా కూర్చున్నాడు. స్టోర్స్ మేనేజరుగా ఉన్నన్నాళ్ళూ అతను ఉత్తరాలు చక్కగా టైపు చేసేవాడు.

"రాజీనామా ఎవరి పేరు మీద రాయాలి? మీ ముదీర్ పేరు మీదా, కంపెనీ పేరు మీదా?"

సుందరి కళ్ళు మూసుకునే చెప్పింది. "కంపెనీ పేరు మీద."

అతను టైపు చేశాడు. ఇరవై ఏళ్ళు పని చేసే అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలని ఒక వాక్యం చదివి వినిపించాడు. ఆమె ఊఁ అంది.

"కారణం ఏమని రాయను? వ్యక్తిగత కారణాలని రాయనా?"

"అలిసిపోయానని రాయండి."

"అలా ఎవరూ రాయరు సుందరీ."

"మీరు రాయండి."

మురళీ లాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత ఒక్కొక్క అక్షరమే కొట్టాడు. తన్మయి వచ్చి అతని భుజం మీంచి చదివి, ఒక చోట తప్పు దిద్దింది. కంపెనీకి నెల రోజుల నోటీసివ్వాలి. ఆఖరి పనిరోజు ఏ తేదీ వేయమంటావని అడగడానికి మురళీ తలెత్తేసరికి, సుందరి నోరు కొంచెం తెరుచుకుని, ఆదమరిచి నిద్రపోతోంది. తన్మయి లేపబోతే అతను చెయ్యి అడ్డం పెట్టాడు. గోడ మీది క్యాలెండరు దగ్గరికి వెళ్ళి, వేలు పెట్టి రోజులు తనే లెక్కపెట్టుకుని వచ్చి, తేదీ వేశాడు.